డబ్బా వరుస

మొన్న మంగళవారం పుత్తూరు వెళ్ళి దవడ పన్ను పీకించుకొచ్చాను. పావుగంట పట్టింది. కుర్చీలో వెనక్కి వాలమన్నారు, వాలాను. నోరు తెరవమన్నారు, తెరిచాను. నోరు తెరవడం నాకు కొత్త కాదు. మా వడమాలపేటలో నన్ను ఎరిగినవాళ్ళెవరైనా ఈ మాట ఒప్పుకుంటారు. సూది గుచ్చారు, చెంప మొద్దుబారింది, ఏదో లాగినట్టయింది, అంతే. డాక్టరు పన్నును చిన్న స్టీలు గిన్నెలో వేసి చూపించి, "మొత్తం పుచ్చిపోయుండాదమ్మా. ఇన్నాళ్ళు ఎట్ల ఓర్చుకున్నావు?" అన్నాడు.

పత్తి నొక్కి పట్టుకుని బయటికొచ్చి, మెట్ల మీద కూర్చుని ఏడ్చేశాను. నా మొగుడు కంగారు పడి, "ఏమైందిమే? డాక్టర్ని పిలిచేదా?" అన్నాడు. చెయ్యి అడ్డంగా ఊపాను. నొప్పికి కాదు ఏడ్చింది. చెంప మొద్దుబారి ఉంటే నొప్పి ఎక్కడిది? ఇవే మెట్లు, అదే కుర్చీ, అదే డాక్టరు. మూడేళ్ళ కిందట ఒక మనిషిని ఇక్కడి దాకా తీసుకొచ్చి, పన్ను తీయించలేక వెనక్కి తీసుకుపోయాను. నాకు పావుగంటలో అయిన పని అతనికి మూడు నెలలు తిరిగినా కాలేదు. ఆ పని కాకనే పోయాడు.

అతని పేరు ఇక్కడ రాయను. వాళ్ళక్కకు ఇష్టం ఉండదు. పైగా పేరు పెట్టి పిలిస్తే అతను ఏనాడూ పలకలేదు. మేమంతా 'ఏమప్పా' అనేవాళ్ళం, దానికీ పలికేవాడు కాదు. పలకాలంటే ఒక్కటే దారి, అతని డబ్బా మీద వేలితో రెండుసార్లు కొట్టాలి. అప్పుడు తలెత్తేవాడు. మన ముఖం వైపు కాదు, మన భుజం పక్కన ఎక్కడో చూసేవాడు. నలభైకి దగ్గరపడిన మనిషి, బాగా పొడగరి. ఎంత ఎండలోనైనా చొక్కా మెడ గుండీ కూడా పెట్టుకునేవాడు. మునివేళ్ళ మీద నడిచేవాడు.

మాది పిండి మిషన్. బస్సులు ఆగే చోటికి వెనక వీధిలో రేకుల షెడ్డు. మా దగ్గర ఒక పద్ధతి ఉంది. రాగులో బియ్యమో తెచ్చినవాళ్ళు తమ డబ్బాను వరుసలో చివర పెట్టేసి వెళ్ళిపోవచ్చు. పొలం కయ్యలో పని ఉంటే చూసుకోవచ్చు, ఇంటికి పోయి కూర దించుకుని రావచ్చు. డబ్బా ఉంటే మనిషి ఉన్నట్టే. కరెంటు పోయి రెండు రోజులు రాకపోయినా వరుస మారదు. మా అత్త కాలం నుంచీ ఇంతే. డబ్బాను జరిపితే మనిషిని తోసినట్టే లెక్క. ఈ విషయం మీద మా షెడ్డులో జుట్లు పట్టుకున్న ఆడవాళ్ళున్నారు. విడిపించింది నేనే కాబట్టి చెబుతున్నాను.

అతను మొదట వచ్చింది వాళ్ళక్క వెంట. ఆమె మామిడికాయల కాలంలో గుజ్జు ఫ్యాక్టరీకీ, మిగతా రోజుల్లో కూలికీ పోయేది. అమ్మానాయనలు పోయాక ఈ తమ్ముడే ఆమె సంసారం. ఆ రోజు ఊళ్ళో ఎవరిదో పెళ్ళి. డప్పులు, టపాకాయలు. అతను రెండు చేతులతో చెవులు మూసుకుని తల గోడకేసి కొట్టుకుంటున్నాడట. ఇంట్లో ఒక్కణ్ణే వదల్లేక వెంట తెచ్చింది. మా మిషన్ ఎంత గోల చేస్తుందంటే పక్కనున్న మనిషితో మాట్లాడాలన్నా అరవాలి. నా గొంతు ఇట్లా తయారైంది అందుకే. అంత గోలలోకి వచ్చి ఆ మనిషి చెవుల మీద నుంచి చేతులు తీసేశాడు. గోడవారగా కూర్చుని, మిషన్ ఏ శ్రుతిలో మోగుతోందో ఆ శ్రుతిలోనే సన్నగా మూలగడం మొదలుపెట్టాడు. బాధ మూలుగు కాదు, పాట లాంటి మూలుగు. వాళ్ళక్క తన డబ్బా సంగతే మరిచిపోయి అతన్ని చూస్తూ నిలబడింది.

"పొద్దన్నించీ ఇదే మొదుటి తూరి అక్కా, వాడు నెమ్మదిగా కూసున్నేది," అంది.

మరుసటి రోజు తొమ్మిదింటికి ఒక్కడే వచ్చాడు. చేతిలో చిన్న అల్యూమినియం డబ్బా, దాంట్లో పిడికెడు రాగులు. దాన్ని వరుసలో చివర పెట్టి, అంచు సరిచేసి, గోడవారగా కూర్చున్నాడు. పిడికెడు రాగులు మిషన్లో పోస్తే రాళ్ళ మధ్యే మిగిలిపోతాయి, కిందికి ఏమీ రాదు. అందుకని కాసిన్ని మా రాగులు కలిపి ఆడించి ఇచ్చాను. ఆ మరుసటి రోజూ అంతే. పదేళ్ళు, ఆదివారాలు కూడా. నన్ను 'మిషనక్క' అనేవాడు. అది పిలుపు కూడా కాదు. వచ్చి కూర్చోగానే, నేను అక్కడ ఉన్నానని తనకు తాను చెప్పుకున్నట్టు ఒకసారి "మిషనక్క" అనేసి ఊరుకునేవాడు. ఏదో పని మీద నేను తిరుపతి పోయి షెడ్డులో లేని రోజున వచ్చి, చూసి, కూర్చోకుండా వెళ్ళిపోయేవాడట.

మనుషులను డబ్బాలతోనే గుర్తుపెట్టుకునేవాడు. సొట్ట డబ్బా, ఎర్రమూత డబ్బా, తాడు కట్టిన బకెట్టు, ఇవే మనుషులు. ఒకసారి ఎర్రమూత డబ్బా ఆమె, తన కూతురి పెళ్ళికి వచ్చిన కొత్త స్టీలు డబ్బా పట్టుకొచ్చింది. పిండి ఆడించాక అతను దాన్ని ఆమెకు ఇస్తే కదా! రెండు చేతులతో వాటేసుకుని కూర్చున్నాడు. "నాదే నాయనా, నేనేరా," అని ఆమె ఒకటే మొత్తుకోవడం. చివరికి ఇంటికి పరిగెత్తి ఆ ఎర్ర మూత తెచ్చి చూపిస్తే అప్పుడు వదిలాడు. షెడ్డంతా పడీ పడీ నవ్వింది. అతను మాత్రం ఎర్రమూత చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, ఆమెకు తిరిగి ఇచ్చేశాడు.

వరుస కాపలా కూడా అతనిదే అయిపోయింది. నేనేమీ పెట్టలేదు, తనే పెట్టుకున్నాడు. "డబ్బా వరుస" అనేవాడు. అతని నోట విన్న మాటలన్నీ కలిపి ఓ పది ఉంటాయేమో, అందులో ఎక్కువసార్లు విన్నది ఇదే. మండలంలో మాట చెల్లే పెద్దమనిషి ఒకాయన ఒకరోజు గోధుమల మూటను తెచ్చి అన్నిటికన్నా ముందు దించాడు. అతను లేచాడు, మూట ఎత్తాడు, మునివేళ్ళ మీద నడుచుకుంటూ పోయి వరుస చివర దించాడు.

"ఎవుడ్రా నువ్వు? నేనెవురో తెలుసునా నీకు?" అన్నాడు పెద్దమనిషి.

అతను మూట వైపు చూస్తూ, "డబ్బా వరుస," అన్నాడు.

ఆయన చెయ్యి లేచింది. నేను మధ్యలోకి పోయాను. "సామీ, నీ మూట ఆడ ఉండాది కాబట్టి నువ్వు గూడా ఆడ ఉన్నట్టే. నువ్వు లేని పొద్దు నీ మూటను ఎవురన్నా జరిపితే, ఆయప్ప ఇట్లే వాళ్ళ మూటను గూడా వెనక్కి మోస్తాడు. ఇది మా మిషన్లో మర్యాద. నచ్చకపోతే పుత్తూరులో మిషన్లు బోలెడుండాయి," అన్నాను. ఆయన కాసేపు గింజుకుని, కూర్చుని, వరుస వచ్చేదాకా ఉండి పిండి పట్టించుకునే వెళ్ళాడు. ఆ తరవాత ఎప్పుడు వచ్చినా తానే పోయి చివర పెట్టేవాడు. ఆ రోజు నేను ఎంత మురిసిపోయానో చెప్పలేను. నా షెడ్డులో న్యాయం ఉంది అనుకున్నాను. ఆ న్యాయం షెడ్డు గడప దాటదని అప్పటికి తెలియదు.

అప్పుడే ఆడిన పిండి వేడిగా ఉంటుంది. రేకు డబ్బా అయితే చెయ్యి పెట్టి ఎక్కువసేపు ఉంచలేం. అతనికి ఆ వేడి ఇష్టం. ఎవరి డబ్బా నిండినా ఒకసారి అరచెయ్యి ఆనించి అప్పుడు అప్పగించేవాడు. ఆఖరి చలికాలం నుంచి అరచెయ్యి మాని చెంప ఆనించడం మొదలుపెట్టాడు. ఎడమ చెంప. డబ్బా మీదికి వంగి, చెంప ఆనించి, కళ్ళు మూసుకునేవాడు. ఆడవాళ్ళకు ఇంకేం కావాలి, "ఏమప్పా, నా డబ్బా అంత ముద్దొస్తాండాదా?" అని ఒకటే వేళాకోళం. నేనూ నవ్వాను. నవ్వడమే కాదు, "మా మిషన్ అంటే ఎంత ప్రేమో సూడండి," అని వచ్చినవాళ్ళకల్లా చూపించాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పుడు నా నోటి మీద నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

ఎండలు మొదలయ్యే వేళకు వాళ్ళక్క ఒకసారి అంది, "సంగటి ముట్టడం ల్యా అక్కా. అంబలి జేసిస్తే తాగతాండాడు, అంతే." వేసవి కదా, కడుపుకు చల్లగా ఉంటుందిలే అన్నాను. ఆమె సరే అంది. నాకు ఊళ్ళో తెలివైనదాన్నని పేరు. నేను ఏం చెబితే ఆమె దానికి సరే అనేది.

ఉగాదికి ముందు ఒక ఉదయం వచ్చినప్పుడు ఎడమ చెంప ఉబ్బి కన్ను సగం మూసుకుపోయి ఉంది. అప్పుడు చూశాం. "నొప్పిగా ఉండాదా అప్పా?" అని అడిగాను. డబ్బా మీద రెండుసార్లు కొట్టి మళ్ళీ అడిగాను. "మిషనక్క," అన్నాడు. మా ఊరి ఆర్‌ఎంపీ డాక్టరు నోట్లోకి చూడబోతే అతను మొహం తిప్పేసుకున్నాడు. డాక్టరు మాత్రలు రాసిచ్చాడు. పొడి చేసి అంబలిలో కలిపి తాగించింది వాళ్ళక్క. నాలుగు రోజులకు వాపు దిగింది. వాపు దిగింది కదా, జబ్బు కూడా దిగిందనుకున్నాం. పదిహేను రోజులకు మళ్ళీ వచ్చింది.

అప్పుడు తీసుకెళ్ళాం పుత్తూరు. ఎముకలు విరిగితే కట్టు కట్టించుకోవడానికి ఎక్కడెక్కడి జనమో పుత్తూరుకు వస్తారు, మాకు అది పక్క ఊరు. పన్నుకు మాత్రం కట్టు లేదు. మెట్లెక్కాడు, లోపలికి వచ్చాడు, కుర్చీలో కూర్చున్నాడు కూడా. అతను వెంట తెచ్చుకున్న డబ్బా మీద కొడుతూ నేను పక్కనే నిలబడ్డాను. పైనున్న లైటు వెలిగించి మొహం మీదికి తిప్పగానే లేచేశాడు. ఇద్దరు పట్టుకున్నారు. డాక్టరు వేలు నోట్లోకి పోగానే కొరికాడు. పాపం ఆ డాక్టరు ఒక్క మాట అనలేదు. చెయ్యి కడుక్కుంటూ, "ఈయన్ని మెలకువగా పెట్టుకుని నేను తీయలేనమ్మా. పూర్తిగా మత్తిచ్చి తీయాల. అది నా దగ్గర లేదు. తిరపతిలో పెద్దాసుపత్రికి పోండి," అని కాగితం రాసిచ్చాడు.

పెద్దాసుపత్రికి మొదటిసారి పోయినప్పుడు అతన్ని గేటు బయట వాళ్ళక్క దగ్గర ఉంచి నేను లోపలికి వెళ్ళాను. పళ్ళ విభాగంలో కాగితం చదివి, మత్తు ఇవ్వాలంటే ముందు మానసిక విభాగం నుంచి లెటర్ తెమ్మన్నారు. అక్కడికి పోతే ఒక చిన్నవయసు డాక్టరు నేను చెప్పిందంతా ఓపిగ్గా విన్నాడు. శబ్దాల సంగతి, మునివేళ్ళ సంగతి, డబ్బాల సంగతి అన్నీ అడిగాడు.

"ఇది పిచ్చి కాదమ్మా. దీన్ని ఆటిజం అంటారు," అన్నాడు.

నలభై ఏళ్ళ మనిషికి అప్పుడు తెలిసింది ఆ పేరు. అతనికి కాదు, నాకు. నిజం చెప్పాలంటే ఆ పేరు వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. పేరుంటే మందూ ఉంటుంది కదా అనుకున్నాను. "మరి దీన్ని యాడ చూస్తారు సార్?" అంటే, పిల్లల విభాగంలో అన్నాడు. అక్కడికి పోయాను. నర్సు, "బిడ్డ ఏడీ?" అని అడిగింది. కిటికీలోంచి గేటు దగ్గర చెవులు మూసుకుని నిలబడ్డ మనిషిని చూపించాను. ఆమె నవ్వు ఆపుకుంది, పాపం, ఆపుకోవడం నేను చూశాను. "పెద్దోళ్ళని ఈడ చూడరమ్మా," అంది.

మళ్ళీ ఆ చిన్న డాక్టరు దగ్గరికే పోయాను. "సార్, ఆ పిల్లోళ్ళు పెద్దయినాక యాడికి పోతారు సార్?" అన్నాను. గొడవ పెట్టుకుందామనే అడిగాను. "నాకు తెలీదమ్మా," అన్నాడు. తన చేత్తో లెటర్ రాసిచ్చాడు. అది పట్టుకుని పళ్ళ విభాగానికి వచ్చేసరికి ఓపీ మూసేశారు.

ఒక్కరు కూడా నన్ను కసురుకోలేదు. కసురుకుని ఉంటే నాకు తేలికగా ఉండేది, తిరిగి కసిరేదాన్ని.

మే నెలలో రెండోసారి వెళ్ళాం. ఈసారి మత్తు ఇచ్చే డాక్టరు ముందుగా మనిషిని చూసి, పరీక్షలకు రాయాలి. అంటే అతను లోపలికి రావాలి. పొడుగాటి వరండా, అందులో వరుస. పేర్లు పిలిచే మైకు కీచుమంటోంది, చంటిబిడ్డలు ఏడుస్తున్నారు, ఫినాయిలు వాసన. అతను గడప దగ్గర ఆగిపోయాడు. చెమటలు పట్టేశాయి. డబ్బా గుండెకు హత్తుకుని వెనక్కి తిరిగాడు. వాళ్ళక్క నా మొహం వైపు చూసింది. తెలివైనదాన్ని కదా, నాకు ఒక ఆలోచన తట్టింది.

అతని డబ్బా మీద రెండుసార్లు కొట్టాను. "ఈడ గూడా మన మిషన్ లెక్కే అప్పా. డబ్బా వరుసలో పెట్టు. పెట్టేసి ఆ సెట్టు కింద నిలబడు. నీ వరుస యాడికీ పోదు. నీ డబ్బాను ఎవురూ జరపరు. నేను జెప్తాండా గదా," అన్నాను.

విన్నాడు. నా భుజం పక్కన ఎక్కడో చూశాడు. తరవాత తనే లోపలికి అడుగు పెట్టి, వరుసలో చివరనున్న ఆమె వెనక నేల మీద డబ్బా పెట్టి, అంచు సరిచేసి, గబగబా బయటికి పోయి వేపచెట్టు కింద నిలబడ్డాడు. అక్కడి నుంచి వరండా కనిపిస్తుంది. డబ్బా మీదే కళ్ళు పెట్టుకుని నిలబడ్డాడు. ముందున్న ఆమెకు విషయం చెప్పాను. మంచి మనిషి. వరుస కదిలినప్పుడల్లా తనే వంగి డబ్బాను ముందుకు జరిపింది. పద్నాలుగు మంది ఉన్న వరుస కరిగి, మా ముందు ఆమె ఒక్కతే మిగిలింది. నాకు ఎంత గర్వంగా ఉందంటే, ఇంటికి పోయి నా మొగుడికి ఈ కథ ఎట్లా చెప్పాలో కూడా అనుకుంటున్నాను.

అంతలో కౌంటర్ దగ్గర పిలిచి ఆధార్ జిరాక్సు కావాలన్నారు. వాళ్ళక్క జిరాక్సుకు పరిగెత్తింది. ఆ పక్క కిటికీలో సంతకం చేయాలంటే నేను వెళ్ళాను. రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాల్లో ముందున్న ఆమెను లోపలికి పిలిచారు. వరుసలో డబ్బా ఒక్కటే మిగిలింది.

"ఎవురిదీ డబ్బా? ఎవురిదబ్బా ఇది?" అని సెక్యూరిటీ అతను అరవడం నాకు వినిపించింది. అది మా డబ్బా గురించే అని నా బుర్రకు ఎక్కేలోగా అతను దాన్ని చెయ్యి చాచి పట్టుకుని బయటికి మోసుకుపోయాడు. అతన్ని మాత్రం ఏమనాలి? వేలమంది వచ్చి పోయే చోట దిక్కులేని డబ్బా కనిపిస్తే తీసేయమనే కదా అతనికి చెప్పి ఉంటారు. మూత తీసి చూశాడు. రాగులు. చెత్తబుట్ట పక్కన పెట్టి తన కుర్చీలోకి పోయాడు.

చెట్టు కింద నుంచి అరుపు వచ్చింది. "డబ్బా వరుస! డబ్బా వరుస!" పదేళ్ళలో అతను గొంతెత్తడం నేను వినలేదు. తలను చెట్టు మానుకేసి కొట్టుకుంటున్నాడు. ముగ్గురు పరిగెత్తి వచ్చి పట్టుకున్నారు. పట్టుకున్నకొద్దీ ఇంకా గింజుకున్నాడు. జనం మూగి ఫోన్లు ఎత్తారు. లోపలి నుంచి డాక్టరమ్మ వచ్చి చూసి, "ఇట్లా ఉన్నప్పుడు నేను పరీక్ష చేయలేనమ్మా. పేరు లిస్టులో పెట్టిస్తాను. ఆపరేషన్ థియేటరు వరుస వచ్చినప్పుడు ఫోన్ చేస్తారు, ఈలోపు కాస్త నెమ్మదిగా ఉన్న రోజు తీసుకురండి," అంది.

నేను అరిచాను. గొంతు పోయేదాకా అరిచాను. ఈ నోరు పెట్టి ఎంతమందిని దారికి తెచ్చానో! ఆ రోజు ఒక్కరూ దారికి రాలేదు. అక్కడ ఎవరూ దారి తప్పలేదు మరి. అందరూ తమ పని సరిగ్గానే చేస్తున్నారు. నేను ఒక్కదాన్నే, మా షెడ్డులో చెల్లే మాటను తీసుకెళ్ళి అక్కడ చెల్లుతుందని ఒక మనిషికి హామీ ఇచ్చాను.

తరవాత కూడా మిషన్‌కు వచ్చాడు. తొమ్మిదింటికే. కానీ డబ్బాను వరుసలో పెట్టలేదు. ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులూ మూత మీద వేసి కూర్చున్నాడు. డబ్బా మీద రెండుసార్లు కొట్టి, "పెట్టప్పా, ఈడ ఎవురూ తీయరు," అన్నాను. తల ఎత్తలేదు. 'మిషనక్క' అనలేదు. మా పద్ధతి తెలియని అమ్మాయి ఎవరో తన బకెట్టును ముందుకు జరుపుకుంటే కూడా చూస్తూ ఊరుకున్నాడు. సాయంత్రం రాగులు రాగుల్లాగే ఇంటికి తీసుకుపోయాడు. నాలుగు రోజులు అట్లా వచ్చి, తరవాత రావడం మానేశాడు.

తిరుపతి బస్సు ఎక్కించాలని మూడుసార్లు చూశాం. బస్సు కనిపిస్తేనే పారిపోయేవాడు. జూన్‌లో జ్వరం వచ్చింది. వాపు చెంప నుంచి గొంతు కిందికి దిగింది. అంబలి కూడా మింగలేకపోయాడు. వాళ్ళక్క ఫ్యాక్టరీ పని మానుకుని ఇంట్లోనే కూర్చుంది. అంబులెన్సును పిలిచాం. అది కూత పెట్టుకుంటూ వీధిలోకి రాగానే ఆ జ్వరంలోనే లేచి మామిడితోటలోకి పరిగెత్తాడు. వెతికి పట్టుకోవడానికి గంట పట్టింది. టవళ్ళతో చేతులు కట్టి ఎక్కించాల్సి వచ్చింది. కట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను.

ఈసారి ఆసుపత్రిలో ఎవరూ వరుస అడగలేదు. లెటర్ అడగలేదు. నేరుగా లోపలికి తీసుకుపోయారు, గొంతు దగ్గర కోసి గొట్టం పెట్టారు, నలుగురు డాక్టర్లు చుట్టూ నిలబడ్డారు. అంతమంది డాక్టర్లు అతని కోసం ఉన్నారని అంతకుముందు మాకు తెలియదు. రెండో రోజు ఉదయం పోయాడు. పన్నులో పుట్టిన చీము గొంతులోకి, ఛాతీలోకి దిగిందని చెప్పారు.

వాళ్ళక్క నా భుజం మీద తల పెట్టి, "ఒక్క తూరి, ఒకే ఒక్క తూరి నొప్పి అని సెప్పుంటే సాలు గదక్కా," అని ఏడ్చింది.

పెద్దకర్మ అయిన మూడో రోజు నా ఫోన్‌కు ఆసుపత్రి నుంచి కాల్ వచ్చింది. లిస్టులో నా నంబరే రాయించాను. అతని పేరు చెప్పి, వరుస వచ్చిందనీ, ఎల్లుండి ఉదయం పరగడుపున తీసుకురావాలనీ చెప్పాడు అవతలి మనిషి. మర్యాదగా మాట్లాడాడు. ఆ మనిషి లేడని చెప్పాను. అయ్యో అన్నాడు.

"ఆ వరుస ఇంకొకరికి ఇయ్యి నాయనా. ఇట్లాంటోళ్ళు ఎవురన్నా ఉంటారు గదా," అన్నాను.

"అట్ల మార్చేదానికి రాదమ్మా. అది ఆయన పేరు మీదే ఉంటాది," అన్నాడు.

ఇదంతా మొన్న పుత్తూరు మెట్ల మీద కూర్చున్నప్పుడు గుర్తొచ్చింది. గుర్తొచ్చింది అంటే అబద్ధం, మరిచిపోతే కదా. ఇంటికి వచ్చాక డాక్టరు పడుకోమన్నా వినకుండా మిషన్ దగ్గరికి పోయాను. వరుసలో ఆరు డబ్బాలున్నాయి. నా మొగుడు ఆడిస్తున్నాడు. సాయంత్రానికి మొద్దుబారడం తగ్గి నొప్పి ఎత్తుకుంది. అబ్బ, అదేం నొప్పి! దవడ నుంచి చెవిలోకి, చెవి నుంచి నడినెత్తికి. మాత్ర వేసుకున్నా ఆగడం లేదు. ఎర్రమూత డబ్బా అప్పుడే నిండింది. దాన్ని ఎత్తి పక్కన పెడుతుంటే చేతికి వేడి తగిలింది. ఏమీ ఆలోచించలేదు. వంగి చెంప ఆనించాను.

తగ్గింది. వేడి లోపలికి దిగి, నొప్పి మెల్లగా వెనక్కి పోయింది. నా కళ్ళు వాటంతట అవే మూసుకుపోయాయి. అట్లాగే ఉండిపోయాను.

"ఏందక్కా, నువ్వు గూడా ఆయప్ప మాదిరి చేస్తాండావు?" అని నవ్వింది డబ్బా ఆమె.

"ఆయప్పకు నొప్పిగా ఉన్నిందిమే," అన్నాను. "సెప్పినాడు. దినామూ సెప్పినాడు."

నోటి నిండా పత్తి, పక్కన మిషన్ గోల. ఆమె చెవి దగ్గరగా పెట్టి, "ఏందక్కా?" అంది. మళ్ళీ చెప్పాను. ఆమెకు అర్థం కాలేదు. సరేలే అన్నట్టు తల ఊపి, తన డబ్బా తీసుకుని వెళ్ళిపోయింది.